ఆవకాయకు మూడో రోజు, మిరపకాయ వోడ్కాకు మూడో గంట

ఆవకాయ పెట్టే ఇంట్లో ఊరబెట్టడం గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కలిపి జాడీకెత్తి, మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసుకుని, మళ్ళీ వాసెన కట్టేస్తే ఇక దాని పని అదే చూసుకుంటుంది. ఎంత ఊరితే ముక్కకు అంత రుచి. మద్యంలో పళ్ళూ ఆకులూ దినుసులూ ఊరబెట్టాలనుకునేవాళ్ళు మొదట వదులుకోవలసింది ఈ అలవాటునే. ఊరగాయలో మనం తినేది ముక్కని. ఇక్కడ ముక్క పారేసి ద్రవం తాగుతాం. ముక్కలోని మంచి ముందు దిగుతుంది, చెడ్డ తర్వాత దిగుతుంది. ఆ రెంటి మధ్యా సరైన వేళ చూసి వడకట్టడమే ఈ పనిలో ఉన్న నేర్పంతా.

ఎందుకలా అంటే, సీసాలో ఉన్నది ఒక్క ఆల్కహాలు కాదు, నీళ్ళు కూడా. వాసన నూనెలు, మిరపలోని ఘాటు, పసుపులోని రంగు ఆల్కహాలులో చటుక్కున కరుగుతాయి. పులుపు, తీపి, వగరు నీళ్ళలో కరుగుతాయి. పైన ఉండే సువాసన కొద్ది గంటల్లో వచ్చేస్తే, చెక్కలోనూ తొక్క అడుగునా గింజలోనూ ఉన్న చేదూ వగరూ నెమ్మదిగా రోజుల తరబడి వస్తూనే ఉంటాయి. ఫిల్టరు కాఫీలో మొదటి డికాక్షన్‌కీ, అదే పొడి మీద మూడోసారి పోసిన నీళ్ళకీ ఉన్న తేడా లాంటిదే ఇదీ.

ఇది సారా కాయడం కాదు. ఇంట్లో బట్టీ పెట్టి కాయడం ఆంధ్రప్రదేశ్‌లో నేరం, ప్రాణానికీ ప్రమాదం. ఇక్కడ చేసేదల్లా దుకాణంలో సీలుతో కొన్న సీసాలో రుచి దింపుకోవడమే. లూజుగా అమ్మే సరుకు, ఎవరో తెచ్చిచ్చిన సీలు లేని సీసా, సర్జికల్ స్పిరిట్, ల్యాబులో వాడే స్పిరిట్, శానిటైజరు, ఇవేవీ పనికిరావు. వాటిలో మిథనాల్ ఉండొచ్చు. మిథనాల్ చూపు తీస్తుంది, ప్రాణం తీస్తుంది, దాన్ని వాసన బట్టి గానీ రుచి బట్టి గానీ కనిపెట్టలేం. ఇటలీలో నిమ్మతొక్క లిక్కరుకు 95 శాతం స్పిరిట్ వాడతారని చదివి అలాంటిది వెతుక్కుంటూ కెమికల్ దుకాణాలకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ దారి పట్టకండి. మన రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. ఇంట్లో తయారుచేసింది లైసెన్సు లేకుండా అమ్మడమూ నేరమే.

ఇక ఏ మందు మీద పని చేయాలి? మన సీసాల మీద 42.8 శాతం అని, పక్కన 25 యు.పి. (అండర్ ప్రూఫ్) అని ఉంటుంది. పాత బ్రిటిష్ ప్రూఫ్ లెక్కలో 57.1 శాతాన్ని నూరుగా పెట్టుకుంటే, దానికి పాతిక తక్కువ 42.8. ఈ గాఢత ఊరబెట్టడానికి బాగానే సరిపోతుంది. వోడ్కా అన్నిటికీ సర్దుకుంటుంది. వైట్ రమ్ కొబ్బరికీ పళ్ళకీ బాగుంటుంది. డార్క్ రమ్ కాఫీకీ సుగంధికీ సరిపోతుంది. జిన్‌లో అప్పటికే ధనియాలు, నిమ్మజాతి తొక్కలు, జునిపర్ కాయలు ఉంటాయి కాబట్టి ఆకులతోనూ నేరేడుతోనూ దానికి పొత్తు కుదురుతుంది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే చవక బ్రాందీ, విస్కీ మాత్రం వదిలేయండి. వాటిలో చాలావరకు రుచీ వాసనా లేని తటస్థ స్పిరిట్‌లో రంగూ వాసనా కలిపినవే. ఆ కలిపిన వాసన మీద ఇంకో వాసన నిలవదు. అలాగని ఖరీదైన వోడ్కా కూడా అక్కర్లేదు. మధ్యరకం చాలు. మరీ చవకదైతే నోట్లో మంట పుట్టించే గుణం ఎంత ఊరబెట్టినా పోదు.

పాత్ర గాజుదే కావాలి. పింగాణీ జాడీ ఆవకాయకు రాజా, కానీ ఇక్కడ వద్దు. లోపల ఏమవుతోందో కనపడదు. పైగా పాత జాడీల మెరుపు పూతలో సీసం ఉంటే పులుపూ ఆల్కహాలూ కలిసి దాన్ని లాగుతాయి. ప్లాస్టిక్ డబ్బా వాసన పడుతుంది, వాసన ఇస్తుంది. ఊరగాయ పోసిన గాజు సీసా ఎంత కడిగినా మూత రబ్బరులో ఇంగువ ఉండిపోతుంది. ఆ మూత మార్చండి, లేకపోతే వేరే సీసా తీసుకోండి. కనీసం రెండు సీసాలు, మెత్తని మల్లు గుడ్డ, కాఫీ ఫిల్టరు కాగితాలు, గ్రాములు చూపించే చిన్న తూకం, మి.లీ. గీతలున్న గ్లాసు ఉంటే చాలు. తూకం లేకుండా ఈ పని చేయొద్దని గట్టిగా చెబుతాను. ‘గుప్పెడు’, ‘నాలుగు కాయలు’ అన్న లెక్కతో ఒకసారి బాగా వచ్చినదాన్ని రెండోసారి రాబట్టలేం.

మన ఊళ్ళ వేడిని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోవాలి. విదేశీ పుస్తకాల్లో ‘గది ఉష్ణోగ్రతలో పది రోజులు’ అని రాస్తారు. వాళ్ళ గది 20 డిగ్రీలు. బెజవాడలో మే నెలలో బయట 45 తాకుతుంటే మూసిన అలమరలో కూడా 35 దాటుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళే పగిలే ఎండకి సీసాలో ముక్క ఊరుకుంటుందా? వేడికి సారం తొందరగా దిగుతుంది, చేదు ఇంకా తొందరగా దిగుతుంది. అందుకే కింద ఇచ్చిన కాలాలన్నీ మన వేసవికి సరిపోయేవి. డిసెంబరు, జనవరిలో అయితే దాదాపు రెట్టింపు చేసుకోవచ్చు. ఇంకో సంగతి: 40 శాతం మద్యం ఆవిరి 26 డిగ్రీల దగ్గరే మంట అందుకోగలదు. అంటే మన వేసవిలో మూత తీసిన సీసా మామూలుగానే మండే వస్తువు. వడకట్టడం, పోయడం అంతా పొయ్యికీ దీపానికీ దూరంగా, కిటికీ తెరిచి. మందును పొయ్యి మీద వేడిచేయడం అనే ఆలోచన ఎప్పటికీ వద్దు.

గుంటూరు పేరు చెప్పుకుని మొదలుపెట్టాలంటే మిరపకాయే. అయితే అందరూ ఎక్కువగా పాడుచేసేదీ ఇదే. మిర్చి యార్డు చుట్టుపక్కల దుకాణాల్లో అడిగితే తేజ, 334, సన్నం, బ్యాడిగ అని రకాలు చూపిస్తారు. తేజ ఘాటు బాగా ఎక్కువ. సన్నం మధ్యస్థం, వాసన మంచిది. బ్యాడిగ రంగు కోసం. వోడ్కాకు సన్నం కాయనే ఎంచుకోండి. తేజ వేస్తే మంట తప్ప మిరప వాసన తెలియకుండా పోతుంది. రంగు కోసం బ్యాడిగ వేసినా ఆశించినంత ఎరుపు రాదు. ఆ రంగు నూనెలో దిగినంతగా 42 శాతం మద్యంలో దిగదు, లేత నారింజ రంగు వస్తుంది, అంతే. తాలు కాయ చవకగా వస్తుంది కదా అని తీసుకోవద్దు. తెల్లబారిన కాయలో వాసన లేదు. లోపల బూజు మచ్చ ఉన్న కాయలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండే అవకాశం ఉంది. ప్రతి కాయనూ చీల్చి లోపల చూసి వేయండి.

750 మి.లీ. వోడ్కాకు ఆరు సన్నం కాయలు, తూకంలో 6 నుంచి 8 గ్రాములు. తొడిమ తీసి, నిలువునా చీల్చి, గింజలు దులిపి, లోపలి తెల్లటి ఈనెను కూడా గీకేయండి. ఘాటు గింజలో ఉందనుకుంటాం గానీ నిజంగా ఉండేది ఆ ఈనెలోనే. గింజకు ఘాటు దాన్నుంచి అంటుకున్నదే. గింజ ఇచ్చేది చేదు. పెనం మీద సన్న సెగన అర నిమిషం వేయించి, పూర్తిగా చల్లారాక సీసాలో వేసి, మందు పోసి మూత పెట్టండి. గంట తర్వాత మొదటి రుచి. ఆ తర్వాత అరగంటకోసారి. మిరప ఘాటు నోట్లో ఆలస్యంగా లేస్తుంది కాబట్టి చుక్క వేసుకుని ఒక నిమిషం ఆగి అప్పుడు తీర్పు చెప్పాలి. ‘ఇంకొంచెం ఉంటే బాగుండు’ అనిపించినప్పుడే వడకట్టేయండి. సాధారణంగా అది రెండు, మూడు గంటల మధ్య వస్తుంది. రాత్రి వేసి పొద్దున్న చూద్దాం అనుకుంటే పొద్దున్నకి అది తాగేది కాకుండా పోతుంది.

దాటిపోతే పంచదార వేయడం, నీళ్ళు పోయడం దారి కాదు. నీళ్ళు పోస్తే మందు పలచబడుతుంది గానీ నాలుక మీద మంట పెద్దగా తగ్గదు. మామూలు వోడ్కా సమానంగా కలపండి, చాలకపోతే ఇంకొంత. మరీ ఘాటుగా వచ్చినదాన్ని చిన్న సీసాలో ఉంచుకుని చుక్కల మందులా వాడుకోవచ్చు. బత్తాయి రసంలో 60 మి.లీ. మామూలు వోడ్కా పోసి దీని చుక్కలు నాలుగు వేస్తే అది వేరే సంగతి. ఉక్రెయిన్‌లో మిరపకాయ, తేనె వేసిన హొరిల్కా అనే మద్యం పాత ఆచారం. ఆ జోడీ మన కాయతో ఇంకా బాగా కుదురుతుంది. 750 మి.లీ.కు 30 గ్రాముల తేనె, వడకట్టిన తర్వాత.

రుచి చూసే పద్ధతి గురించి ఇక్కడే చెప్పేయాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఇక్కడ ఒక్కసారి చూస్తే చాలదు, చూసే తీరు కూడా వేరు. నేరుగా నాలుక మీద వేసుకుంటే ఆల్కహాలు నోటిని మొద్దుబారుస్తుంది, మూడోసారికే ఏమీ తెలియదు. చెంచాడు మందులో రెండు చెంచాల చల్లటి నీళ్ళు కలిపి, నోట్లో తిప్పి, ఉమ్మేయండి. నీళ్ళు కలిపినప్పుడు వాసన పైకి లేస్తుంది, దాగున్న చేదు కూడా బయటపడుతుంది. ఏ గంటకు ఎలా ఉందో కాగితం మీద రాసుకోండి.

నిమ్మజాతి తొక్కలకు మన ప్రాంతం పెట్టిపుట్టింది. కానీ మామూలు నిమ్మకాయ తొక్క పలచన. పీలరు పెడితే తెల్లపొర కూడా వచ్చేస్తుంది. ఈ తెల్లపొరే చేదుకు మూలం. అందుకే దబ్బకాయ లేదా గజనిమ్మ వాడండి. తొక్క మందం, నూనె ఎక్కువ, వాసన నిమ్మ కంటే గంభీరం. బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్‌లో గానీ గుంటూరు పట్నంబజారులో గానీ దబ్బకాయలు కనిపించిన రోజున తొక్క గోరుతో గిల్లి చూడండి. నూనె చిమ్మి వేలికి వాసన పట్టుకోవాలి. వేడినీళ్ళలో కడిగి గుడ్డతో గట్టిగా రుద్దండి. దుమ్ము, పురుగుమందుల అవశేషం, పైన మైనం పూసి ఉంటే అదీ కొంతవరకు పోతాయి. పదునైన చాకుతో పైపొర మాత్రమే తీయాలి. తొక్క వెనక్కి తిప్పితే తెలుపు కనిపించిందంటే దాన్ని మళ్ళీ గీకాలి. తురుముపీట వద్దు, తురుము వడకట్టలేక ప్రాణం విసుగెత్తుతుంది.

ఇలా తీసిన తొక్క 60 గ్రాములు, వోడ్కా 750 మి.లీ. చీకట్లో నాలుగు రోజులు, రోజుకోసారి సీసా తిప్పుతూ. తొక్క రంగు వెలిసి, వంచితే పుటుక్కున విరిగిందంటే దాని పని అయిపోయింది. ఇక ఒక్క రోజు ఎక్కువ ఉంచినా చేదే. వడకట్టి, 200 గ్రాముల పంచదార 150 మి.లీ. నీళ్ళలో కరిగించి పూర్తిగా చల్లార్చిన పాకం పోయండి. ఒక గ్రాము పంచదార నీళ్ళలో కరిగాక సుమారు 0.62 మి.లీ. చోటు తీసుకుంటుంది. కాబట్టి పాకం 274 మి.లీ. అవుతుంది, మొత్తం 1024. మొదట 750 మి.లీ.లో ఉన్న ఆల్కహాలు 321 మి.లీ., దాన్ని 1024తో భాగిస్తే 31 శాతం. ఈ లెక్క ప్రతి తీపి మందుకూ వేసుకోండి. కలిపిన వెంటనే తాగితే పంచదార వేరుగా, మందు వేరుగా తెలుస్తాయి. రెండు వారాలు పక్కన పెడితే కలుస్తాయి. తొక్క తీసేశాక ఆగడం మంచిదే, తొక్కతో ఆగడమే తప్పు.

పాకం పోయగానే అద్దంలా ఉన్న మందు పాలవిరుగుడులా మసకబారితే కంగారు పడక్కర్లేదు. ఆల్కహాలు శాతం తగ్గేసరికి కరిగి ఉన్న తొక్క నూనె సన్నని బిందువులుగా విడిపోతుంది, అంతే. నూనె బాగా దిగిందనడానికి అది గుర్తు. గ్రీసు వాళ్ళ ఊజో అనే మద్యంలో నీళ్ళు పోస్తే తెల్లబడేదీ ఇందుకే.

మామిడి దగ్గర మనవాళ్ళు రసాల వైపు చేయి చాస్తారు. తినడానికి చిన్నరసాన్ని మించింది లేదు. మందులో మాత్రం దాని పీచూ గుజ్జూ కలిసి వడకట్టరాని బురద అవుతుంది. గట్టిగా, అప్పుడే పండిన బంగినపల్లి తీసుకుని అంగుళం ముక్కలు కోయండి. 750 మి.లీ. వైట్ రమ్‌కు 400 గ్రాములు. మూడు రోజులు, అదీ ఫ్రిజ్‌లో. పండు మామిడి వాసన ముందే దిగిపోతుంది, తర్వాత వచ్చేది ఉడికిన పండు వాసన. పండులో ఐదింట నాలుగు వంతులకు పైగా నీళ్ళే కదా, ఆ నీళ్ళు బయటికొచ్చి మందు 42.8 నుంచి 30 శాతానికి దిగుతుంది. 750కి అర కిలో దాటి పండు వేయొద్దనడం అందుకే. 20 శాతం కంటే కిందికి దిగితే బయట నిలవ ఉండదు. 15 దగ్గరికి వస్తే ఈస్టు మేలుకుని, గట్టిగా బిగించిన సీసాలో గ్యాసు పట్టి, సీసా పగలొచ్చు. పైకి తేలిన ముక్క కూడా ప్రమాదమే, గాలి తగిలిన వైపు బూజు పడుతుంది. మెడ దాకా మందు నిండే సీసా ఎంచుకోండి, లేకపోతే ఉడకబెట్టి ఆరబెట్టిన చిన్న గాజు మూతను ముక్కల మీద బరువుగా పెట్టండి. బూజు కనిపిస్తే పైది తీసేసి వాడుకుందామన్న ఆశ వద్దు, సీసా మొత్తం పారబోయండి.

నన్నడిగితే పండు కంటే పచ్చి మామిడే మేలు. కలెక్టరు కాయ చెక్కు తీసి పలచని ముక్కలు 250 గ్రాములు, చిటికెడు ఉప్పు, 750 మి.లీ. వోడ్కా, రెండు రోజులు. టెంకలో జీడి తగలనీయకండి, వగరంతా దాంట్లోనే ఉంది. ఇందులో పంచదార వేయకుండానే సోడాతో తాగొచ్చు. పైన చెప్పిన మిరప చుక్కలు రెండు పడితే ఉప్పూకారం అద్దుకున్న మామిడికాయ ముక్కే గుర్తొస్తుంది.

జామపండుతో మొదలుపెట్టకండి. దాంట్లో జామ్‌ను గడ్డకట్టించే పెక్టిన్ ఎక్కువ. ఆల్కహాలు తగలగానే పెక్టిన్ జిగురు తీగలుగా విడిపోతుంది, ఫిల్టరు కాగితం నిమిషంలో మూసుకుపోతుంది. నేరేడు అలా కాదు. జూన్, జులైలో బాగా పండిన నేరేడు 400 గ్రాములు, గింజ పగలకుండా ఫోర్కుతో పొడిచి, 750 మి.లీ. జిన్‌లో వారం రోజులు వేస్తే ఇంగ్లండులో స్లో అనే వగరు పండుతో చేసే స్లో జిన్‌కు దగ్గరగా ఉండే ముదురు ఊదా మందు వస్తుంది. వగరు ఎక్కువనిపిస్తే 80 గ్రాముల పంచదార కలిపి రెండు నెలలు ఆగండి. నిమ్మ పిండితే ఊదా రంగు ఎరుపులోకి తిరుగుతుంది, అది ఆ రంగు స్వభావం.

సుగంధి గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎండాకాలం సుగంధి సోడా తాగని మనిషి గుంటూరు, బెజవాడ రెంటిలోనూ ఉండడు. అయినా దాన్ని రమ్‌లో వేయాలని చాలామందికి తోచదు. సుగంధిపాల వేరులో ప్రధానమైన వాసన పదార్థం వనిల్లాలోని వనిలిన్‌కు అచ్చంగా అవే పరమాణువులతో, అమరిక మాత్రం వేరుగా ఉండే చుట్టం. అందుకే అది రమ్‌తో అంతగా కలిసిపోతుంది. సిరప్పు సీసా కాకుండా ఆయుర్వేద దినుసుల కొట్లో ఎండు వేరు అడగండి. విరిచి వాసన చూస్తే తీయగా కొట్టాలి. మట్టి వాసన ఒక్కటే వస్తే పాత సరుకు. వేళ్ళను కడిగి, నీడలో ఆరబెట్టి, రోకలితో మెల్లగా దంచితే పైబెరడు విడివడుతుంది. వాసనంతా ఆ బెరడులోనే ఉంటుంది. లోపలి కర్ర తీసి పారేయండి, అది చేదు తప్ప ఏమీ ఇవ్వదు. బెరడు 20 గ్రాములు, డార్క్ రమ్ 500 మి.లీ., 36 నుంచి 48 గంటలు. తీపికి తాటిబెల్లం: 100 గ్రాములు 80 మి.లీ. నీళ్ళలో కరిగించి, ఒక పొంగు రానిచ్చి, గుడ్డలో వడకట్టి, చల్లారాక కలపండి. బెల్లంలో ఇసుకా నలకా ఉంటాయి కాబట్టి ఆ వడపోత మానొద్దు. నిమ్మరసం, ఐసు, సోడా పోసి ఇస్తే ఇక చెప్పక్కర్లేదు.

కాఫీకి అరకు గింజలు 60 గ్రాములు, రవ్వలా బరకగా ఆడించి, 750 మి.లీ. రమ్‌లో 16 గంటలు. చికోరి కలిసిన ఫిల్టరు పొడి వాడితే బురదా చేదూ తప్ప కాఫీ ఉండదు. టీ ఆకు అయితే 500 మి.లీ.కు రెండు చెంచాలు, 15 నిమిషాలు, అరగంట ఎంతమాత్రం వద్దు. ఎండు కొబ్బరి 100 గ్రాములు తురిమి దోరగా వేయించి వైట్ రమ్‌లో రెండు రోజులు ఉంచి, రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో పెడితే నూనె పైన గడ్డకడుతుంది. మందు మాత్రం గడ్డకట్టదు. చల్లగా ఉండగానే గుడ్డలో వడకట్టాలి. దుగ్గిరాల వైపు నుంచి పచ్చి పసుపు కొమ్ము దొరికితే 15 గ్రాములు తురిమి 500 మి.లీ. జిన్‌లో ఒక రోజు. వెలుతురు తగిలితే ఆ రంగు వెలిసిపోతుంది. గుడ్డకు అంటితే మాత్రం ఉతికినా తేలిగ్గా పోదు.

ఆకులకు గంటల లెక్కే. కరివేపాకు రెండు రెబ్బలు, 500 మి.లీ. జిన్, నాలుగు గంటలు. పుదీనా అయితే 15 గ్రాములు, ఆరు గంటలు. నలపకూడదు, తరగకూడదు, తడి ఉండకూడదు. నలిపిన ఆకు గడ్డి వాసన ఇచ్చి గోధుమ రంగుకు తిరుగుతుంది. తులసిని మందులో వేయడానికి మనసొప్పని వాళ్ళే ఎక్కువ. రుద్రజడ ఆకు అంతకంటే బాగుంటుంది కూడా.

మసాలా దినుసుల దగ్గర జరిగే పొరపాటు ఒక్కటే. పలావుకు వేసినట్టు చెక్క, లవంగం, యాలక, అనాసపువ్వు అన్నీ ఒకే సీసాలో వేస్తారు. లవంగానికి ఒక రోజు ఎక్కువ, వనిల్లా కాయకు మూడు వారాలు తక్కువ. అన్నీ కలిసి ఉంటే లవంగం దాటిపోయి నోరు తిమ్మిరెక్కిస్తుంది, వనిల్లా ఇంకా నిద్ర లేవదు. ఒక్కో దినుసుకు ఒక్కో చిన్న సీసా పెట్టండి. 100 మి.లీ. వోడ్కాలో లవంగాలు మూడు, 12 గంటలు. యాలకలు నాలుగు, చిదిపి, ఒక రోజు. అనాసపువ్వు ఒకటి, ఒక రోజు. దాల్చినచెక్క 3 గ్రాములు, మూడు రోజులు. ధనియాలు చెంచాడు, దోరగా వేయించి, రెండు రోజులు. వడకట్టి డ్రాపరు సీసాల్లో పోసుకుంటే తర్వాత ఏ మందుకైనా చుక్కలతో జోడించుకోవచ్చు, ఎక్కువైతే తెలుస్తుంది, తక్కువైతే కలుపుకోవచ్చు. మన బజారులో దాల్చినచెక్క పేరుతో దొరికేది ఎక్కువగా కాసియా అనే మందపు చెక్క. దాంట్లో కూమరిన్ ఎక్కువ, అది కాలేయానికి మంచిది కాదు. అందుకే తూకం పెంచొద్దు.

వేయకూడనివి కొన్ని ఉన్నాయి, ఇందులో రాజీ లేదు. పొగాకు మొదటిది. గుంటూరు జిల్లాలో మేలురకం ఆకు చేతికందుతుంది, పొగ వాసన వస్తుందని వేసేవాళ్ళుంటారు. ఆల్కహాలు నికోటిన్‌ను బాగా లాగుతుంది, కొద్ది మందులోనే ప్రాణాంతకమైన మోతాదు చేరగలదు. పూజ కర్పూరం విషం. పచ్చకర్పూరం కూడా మందులో ఎంత కరిగిందో చూసి చెప్పలేం కాబట్టి అదీ వద్దు. వసకొమ్ము, ఉమ్మెత్త, గన్నేరు, చేదు బాదం దగ్గరికి రానీయకండి. జాజికాయ గోరంత గీకితే వాసన, కాయంత వేస్తే విషం. అతిమధురం రక్తపోటు ఉన్నవాళ్ళకు పనికిరాదు. పంపరపనస కొన్ని గుండె, రక్తపోటు, కొలెస్ట్రాల్ మందుల పనిని మారుస్తుంది. ఆ మందులు వాడే అతిథికి అది పోయకండి.

వడకట్టడంలో ఓపిక కావాలి. ముందు జల్లెడ, తర్వాత తడిపి పిండిన మల్లు గుడ్డ, ఆఖరున నీళ్ళతో తడిపిన ఫిల్టరు కాగితం. కాగితం తడపకపోతే దాని వాసన మందుకు వస్తుంది. గుడ్డను పిండకూడదు. పిండితే వచ్చే ఆ రెండు చెంచాల కోసం సీసా అంతా మసకబారుతుంది, చేదెక్కుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచితే మడ్డి అడుగున చేరుతుంది, పైన తేటను వంపుకోవచ్చు. చేదు వచ్చేసిన మందులోంచి చేదును బయటికి తీయలేం. మామూలు మందు కలిపి పలచబరచడం, రెండు చుక్కల ఉప్పునీళ్ళతో నాలుకను కొంచెం మరిపించడం, ఇంతకుమించి దారి లేదు.

చేతికి తడి లేకుండా మూత బిగించి సీసా మీద చీటీ అంటించండి. ఏ మందు, ఏమి వేశారు, ఎన్ని గ్రాములు, వేసిన గంట, తీసిన గంట, ఇప్పుడు ఎంత శాతం. తీపి మందు మోసం చేస్తుంది. 42.8 శాతం మందు 30 మి.లీ. పెగ్గులో పది గ్రాముల ఆల్కహాలు ఉంటే, 31 శాతం దబ్బకాయ మందు 60 మి.లీ. గ్లాసులో దాదాపు పదిహేను ఉంటుంది, గొంతులో మాత్రం షర్బత్తులా దిగుతుంది. ఫ్రిజ్ తలుపులో సుగంధి షర్బత్ సీసా పక్కన సుగంధి రమ్ సీసా పెట్టకండి. రెండూ ఒకే రంగు, ఒకే వాసన, పిల్లలు సెలవులకు ఇంట్లోనే ఉంటారు. తాళం వేసే అలమరలో చీకట్లో పెడితే 30 శాతం దాటినవి ఆర్నెల్లు బాగుంటాయి. ఆకులతో చేసినవి నెలలో వాడేయాలి, మామిడిపండుతో చేసినవి ఫ్రిజ్‌లో రెండు నెలలు.

వడకట్టగా మిగిలిన తొక్కలూ ముక్కలూ మందు పీల్చుకుని ఉంటాయి. దబ్బతొక్కను అంతే బరువు పంచదారతో పొయ్యి మీద పెట్టే ముందు రెండుసార్లు చల్లటి నీళ్ళలో నానబెట్టి పారబోయాలి, లేకపోతే ఆవిరి మంట అందుకుంటుంది. మామిడి ముక్కలు పెద్దవాళ్ళ ఐస్‌క్రీం మీదికి. మిరపకాయలు చెత్తబుట్టలోకి, చేతికి తొడుగు వేసుకుని.